సాలూరు ఘాట్ ఎక్కడానికి ఎన్ని యూనిట్లు?

సాలూరు నుంచి ఒడిశాలోకి ఎక్కే దారిలో, పొట్టంగి చేరువలో, ఘాట్ ఎక్కడం అయిపోయిందనిపించిన చోట, కారు పక్కకి తీసి డాష్‌బోర్డు చూశాను. బ్యాటరీ 37 శాతం. దాని కింద, ఇంకా వెళ్లగలిగే దూరం 55 కి.మీ. కోరాపుట్ జిల్లా జయపురంలో మా ఇల్లు అక్కడికి 70 కి.మీ. వెనక సీట్లో మా అత్తయ్యగారు, విశాఖలో కంటి ఆపరేషన్ చేయించుకుని వస్తున్నారు. చీకటి పడుతోంది, చలి మొదలైంది.

"ఏం బాబూ, ఆగిపోయాం?" అన్నారావిడ.

"ఏం లేదత్తయ్యా, ఒక్క నిమిషం" అన్నాను గానీ, ఆ నిమిషంలో నా గుండె ఎలా కొట్టుకుందో నాకే తెలుసు.

ఆ రాత్రి ఇంటికి చేరేసరికి బ్యాటరీలో ఇంకా 12 శాతం ఉంది. 55 కి.మీ. మించి రాదన్న కారు 70 కి.మీ. నడిచి, ఇంకో పాతిక కి.మీ. నడిచేంత మిగుల్చుకుంది. కారు అబద్ధం చెప్పలేదు. నేను దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాను. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లలో, కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లలో చాలామంది అడిగేది ఆ ప్రశ్నే: "ఫుల్ ఛార్జ్‌కి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది?" దానికి ఒక్క అంకెలో జవాబు లేదు. మనలాంటి కొండదారి మనుషులకైతే అసలే లేదు.

మన దగ్గర ఉన్న మంచి కొలత యూనిట్. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-అవర్. కారు బ్యాటరీ సైజు చెప్పేదీ అదే కొలతలో. 30 కిలోవాట్-అవర్ బ్యాటరీ అంటే 30 యూనిట్లు పట్టే డబ్బా. పెట్రోల్ కారుకి లీటరుకి ఎంత మైలేజీ అని అడిగినట్టే ఇక్కడ యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు అని అడగాలి. కొన్ని కార్లు దీన్ని తిరగేసి, కిలోమీటరుకి ఇన్ని వాట్-అవర్లు అని చూపిస్తాయి. 125 అని చూపిస్తే వెయ్యిని దాంతో భాగించండి, యూనిట్‌కి 8 కి.మీ. వస్తుంది. బ్యాటరీ శాతాన్ని యూనిట్లలోకి మార్చుకుని, ముందున్న రోడ్డు ఎన్ని యూనిట్లు అడుగుతుందో లెక్కేసుకుంటే డాష్‌బోర్డు దూరంతో పనే ఉండదు.

ముందు ఆ డాష్‌బోర్డు అంకె ఎక్కడిదో చూద్దాం. కారు ఇటీవల నడిచిన దూరానికి సగటు తీసి, మిగిలిన యూనిట్లతో గుణిస్తుంది. అంటే గడిచిన రోడ్డును చూసి రాబోయే రోడ్డును ఊహిస్తుంది. నేను అప్పటికి 30 కి.మీ. ఘాట్ ఎక్కి ఉన్నాను. ఇకముందు కూడా ఇలాగే కొండెక్కుతాడని కారు అనుకుంది. కానీ పొట్టంగి నుంచి రోడ్డు పీఠభూమి మీద పోతుంది. కోరాపుట్ దాటితే జయపురం దాకా మొత్తమ్మీద దిగుడే. మైదానంలో దీనికి తిరగబడిన మోసం జరుగుతుంది. విశాఖ నుంచి సాలూరు దాకా నింపాదిగా వచ్చినవాడికి అంకె ధీమాగా కనిపిస్తుంది, ఘాట్ మొదలవగానే కరిగిపోతుంది.

కంపెనీ కాగితం మీది అంకె సంగతి వేరు. మన దేశంలో కార్ల రేంజ్‌ని ఎంఐడీసీ, అంటే సవరించిన భారత డ్రైవింగ్ సైకిల్ ప్రకారం కొలుస్తారు. కారును ల్యాబ్‌లో రోలర్ల మీద నిలబెట్టి, ముందే రాసిపెట్టిన వేగాల్లో నడుపుతారు. అందులో మొదటి భాగం ఊళ్లో తిరిగే తీరు: గరిష్ఠ వేగం గంటకి 50 కి.మీ., సగటు 20 కూడా ఉండదు. రెండో భాగంలో వేగం 90 దాకా వెళ్తుంది. చాలాకాలం కంపెనీలు మొదటి భాగంతో వచ్చిన రేంజ్‌నే ప్రచారంలో పెట్టాయి. 2022లో టియాగో ఈవీ వచ్చినప్పుడు 24 యూనిట్ల బ్యాటరీకి 315 కి.మీ. అన్నారు. అంటే యూనిట్‌కి 13 కి.మీ. పైన. ఏసీ వేసుకుని, హైవే మీద, నలుగురితో వెళ్లేవాళ్లకి ఆ లెక్క రాదు. తర్వాత రెండు భాగాలూ కలిపి ప్రకటించడం మొదలయ్యాక అంకెలు కాస్త నేలకి దిగాయి. అయినా ఆ రోలర్ల మీద ఘాట్ ఉండదు, ఎదురుగాలి ఉండదు, ఏసీ నడవదు. రెండు కార్లలో ఏది పొదుపైందో పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. ప్రయాణం వేసుకోవడానికి పనికిరాదు.

ఇక యూనిట్లు ఎక్కడికి పోతాయి? నాలుగు దారులున్నాయి: గాలి, టైర్లు, ఎక్కుడు, ఏసీ. ఇందులో అందరూ తక్కువ అంచనా వేసేది గాలిని.

కారు ముందుకు పోవాలంటే ఎదురుగా ఉన్న గాలిని తోసుకుంటూ పోవాలి. వేగం రెట్టింపైతే ఆ గాలి అడ్డు నాలుగు రెట్లు అవుతుంది. ఒక చిన్న ఎస్‌యూవీకి గాలిని తోయడానికే 60 కి.మీ. వేగంలో కిలోమీటరుకి సుమారు 35 వాట్-అవర్లు, 80లో 62, 100లో 96 పడతాయి. టైర్ల రాపిడికి పోయేది ఏ వేగంలోనైనా దాదాపు 50 దగ్గరే ఉంటుంది. పెట్రోల్ కారులో ఈ తేడా అంతగా కనబడదు. ఎందుకంటే పెట్రోల్‌లో ఉన్న శక్తిలో సగానికి మించి ఎలాగూ వేడిగా పోతుంది, ఊళ్లో నెమ్మదిగా నడిపితే ఇంకా వృథా అవుతుంది. ఎలక్ట్రిక్ మోటారు తీసుకున్నదాంట్లో నూటికి తొంభై దాకా చక్రాలకి ఇస్తుంది. వృథా తక్కువ కాబట్టే గాలి తినేది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెట్రోల్ కారుకి హైవే మీద మైలేజీ బాగుంటే, ఎలక్ట్రిక్ కారుకి ఊళ్లో బాగుండటానికి కారణం ఇదే.

ఇప్పుడు ఎక్కుడు. ఇదైతే బడి లెక్క. బరువు, ఎత్తు తెలిస్తే చాలు. సాలూరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తున ఉంది. పైన రోడ్డు 900 దాటుతుంది. దాదాపు 800 మీటర్ల ఎక్కుడు. కారు, నలుగురు మనుషులు, సామాను కలిపి 1,700 కిలోలు అనుకుందాం. అంత బరువును అంత ఎత్తుకి లేపడానికి 3.7 యూనిట్లు కావాలి. మోటారులో పోయేదీ కలుపుకుంటే 4.2. గుర్తుపెట్టుకోవడానికి సులువైన కొండగుర్తు: ఇలాంటి కారుకి ప్రతి 100 మీటర్ల ఎక్కుడికి అర యూనిట్. రోడ్డు వంకరగా పోయినా, తిన్నగా పోయినా ఎక్కుడు ఖర్చు అంతే. ఎన్ని మలుపులున్నాయన్నది కాదు, ఎంత ఎత్తున్నదన్నదే లెక్క.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన రోజు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. విశాఖ నుంచి సాలూరు సుమారు 120 కి.మీ. ఆ దూరమంతా 80లో కాకుండా 100లో పోతే అదనంగా పడే ఖర్చు, మోటారులో పోయేదీ కలుపుకుంటే, 4.5 యూనిట్లకు పైనే. అంటే కారును తూర్పు కనుమల మీదికి లేపడానికి పట్టేదానికన్నా, మైదానంలో తొందరపడితే పోయేదే ఎక్కువ. ఆ తొందరలో మిగిలే సమయం 18 నిమిషాలు. అందరూ ఘాట్‌ని చూసి భయపడతారు. బ్యాటరీ ఖాళీ అయ్యేది మాత్రం గజపతినగరం దగ్గర తిన్నటి రోడ్డు మీద.

బరువు గురించి కూడా మనకి అనవసరపు బెంగ ఉంది. మా ఇళ్లలో విశాఖ వెళ్తూ బంధువులకి కాలాజీరా బియ్యం మూట పట్టుకెళ్లకుండా ఉండరు. "అంత బరువు ఎందుకు, ఛార్జ్ అయిపోతుంది" అని ఎవరో ఒకరు అంటారు. 50 కిలోల బియ్యం బస్తా ఘాట్ మొత్తం ఎక్కించడానికి పట్టేది యూనిట్‌లో తొమ్మిదో వంతు. అంటే కిలోమీటరు దూరం కూడా తగ్గదు. అదే బస్తాని, పెట్టెల్ని కారు పైన కారియర్ మీద కట్టారనుకోండి, గాలికి అడ్డుపడి హైవే పొడుగునా యూనిట్లు తింటుంది. సామాను ఎంతన్నది కాదు, ఎక్కడ పెట్టారన్నది చూసుకోవాలి. ఖాళీ కారియర్‌ని కూడా విప్పి ఇంట్లో పెట్టడం మంచిది.

ఏసీ లెక్క దూరంతో సాగదు, గంటలతో సాగుతుంది. ఎండలో కాలిన కారును చల్లబరిచే మొదటి పది నిమిషాలు రెండు మూడు కిలోవాట్లు లాగవచ్చు. చల్లబడ్డాక గంటకి ఒక యూనిట్ అటూ ఇటూగా సరిపోతుంది. 80లో పోతున్నప్పుడు అది పెద్ద లెక్క కాదు. ఘాట్‌లో లోడు లారీ వెనక 20లో పాకుతున్నప్పుడు మాత్రం అదే ఏసీ కిలోమీటరుకి నాలుగు రెట్లు తింటుంది. అదృష్టవశాత్తూ మన ఘాట్‌లో సగం దూరం ఎక్కేసరికి కిటికీ అద్దం దింపితే చాలు. వేగం తక్కువ కాబట్టి తెరిచిన అద్దం వల్ల గాలి అడ్డు బెడదా ఉండదు. చలికాలం సంగతి వేరు. డిసెంబరు, జనవరిలో సిమిలిగుడ వైపు ఉష్ణోగ్రత ఒక అంకెకి పడిపోతుంది. హీటర్ చాలా కార్లలో ఏసీ కన్నా ఎక్కువే లాగుతుంది. పెట్రోల్ కారులో ఇంజిన్ వేడి ఊరికే వచ్చేది, ఇక్కడ ఆ వేడిని కూడా బ్యాటరీయే పుట్టించాలి. ఆ రాత్రి అత్తయ్యగారు శాలువా కప్పుకుని కూర్చున్నారు. అది మాకు ఒక యూనిట్ దాకా మిగిల్చింది.

చలికి ఇంకో చిన్న సంగతి. విశాఖ వేడిలో టైర్లలో గాలి సరిచూసుకుని పైకి వస్తే, కోరాపుట్ చలి ఉదయాన రెండు పీఎస్ఐ దాకా తక్కువ చూపిస్తుంది. మళ్లీ గాలి పట్టించుకోండి.

ఇక దిగుడు. సాలూరు లారీల ఊరు. ఆ ఊరి డ్రైవర్లు కొత్తవాళ్లకి చెప్పే మొదటి మాట: "ఎక్కిన గేర్లోనే దిగాల బాబూ." బ్రేకు మీద కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాలి బ్రేకులు పట్టవు. ఇంజినే బండిని పట్టి ఆపాలి. ఎలక్ట్రిక్ కారులో రీజెన్ చేసే పని అదే. మోటారు తిరగబడి జనరేటర్ అవుతుంది, కారును పట్టి ఆపుతుంది, ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. లారీకి వేడిగా పోయేది మనకి యూనిట్లుగా వస్తుంది.

ఎంత వస్తుంది? ఎక్కడానికి పెట్టినదంతా రాదు. 800 మీటర్ల దిగుడులో ఉన్న 3.7 యూనిట్లలో సగం పైన ఆ 30 కి.మీ. కారును నడిపించడానికే సరిపోతుంది. ఇది బ్యాటరీలోకి వెళ్లి తిరిగి రానక్కర్లేదు కాబట్టి దాంట్లో నష్టమే లేదు. మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు బ్యాటరీకి చేరతాయనుకుంటే, ఏసీ తీసేసి, యూనిట్‌కి కాస్త తక్కువ. అంటే ఘాట్ దిగేసరికి బ్యాటరీ రెండు మూడు శాతం పెరిగి ఉంటుంది. ఇందువల్లే, రీజెన్‌ని ఎక్కువ చేసుకోవడమే పొదుపు అని అనుకోవడం పొరపాటు. సన్నని వాలులో కారును దానంతట అది దొర్లనివ్వడం అన్నిటికన్నా లాభం. వేగం పెంచుకుని మలుపు దగ్గర గట్టిగా పట్టి ఆపితే, ప్రతి మార్పిడికీ కొంత కమీషన్ పోతుంది. నిటారు వాలులో, మలుపుల్లో రీజెన్ పెంచుకోండి. మిగతా చోట ముందుచూపు చాలు.

ఒక జాగ్రత్త మాత్రం కొండమీద ఉండేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. నిండిన డబ్బాలో నీళ్లు పోయలేం. బ్యాటరీ 100 శాతం ఉన్నప్పుడు రీజెన్ దాదాపు పనిచేయదు. పొట్టంగిలో చుట్టాలింట్లో రాత్రంతా ఛార్జ్ పెట్టి పొద్దున్నే నిండు బ్యాటరీతో ఘాట్ దిగితే, అలవాటైన పట్టు కాలికి తగలదు. బరువంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. అక్కడి నుంచి దిగేవాళ్లు 90 దగ్గర ఛార్జ్ ఆపుకోవాలి. జయపురం నుంచో కోరాపుట్ నుంచో వచ్చేవాళ్లకి ఈ బెంగ లేదు, ఘాట్ చేరేలోపే బ్యాటరీలో చోటు ఏర్పడుతుంది. బాగా చలిగా ఉన్న ఉదయం కూడా బ్యాటరీ తొందరగా ఛార్జ్ తీసుకోదు, రీజెన్ బలం తగ్గుతుంది. మొదటి మలుపుకి ముందే బ్రేకు పట్టు ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు మొత్తం ప్రయాణం లెక్క కట్టి చూద్దాం. విశాఖ నుంచి జయపురం సుమారు 220 కి.మీ. 30 యూనిట్ల బ్యాటరీ. సాలూరు దాకా 120 కి.మీ., 70–80 మధ్య వేగం, ఏసీతో యూనిట్‌కి 7.5: మొత్తం 16 యూనిట్లు. ఘాట్ 30 కి.మీ.: ఎక్కుడికి 4.2, రోడ్డుకి, ఏసీకి కలిపి ఇంకో 2.8, అంటే 7. పైన 70 కి.మీ., యూనిట్‌కి 8.5 చొప్పున, జయపురం దిగుడులో వచ్చేది తీసేస్తే 7.5. మొత్తం ముప్ఫైన్నర. తిరుగు ప్రయాణంలో అదే రోడ్డు, అదే కారు, అదే మనుషులు: ఘాట్ దాకా 9.5, ఘాట్‌లో ఒక ముప్పావు యూనిట్ తిరిగి రాబడి, కింద 16. మొత్తం పాతిక లోపే. ఒకే రోడ్డుకి అటు ముప్ఫైన్నర, ఇటు పాతిక. "ఫుల్ ఛార్జ్‌కి ఎంత ఇస్తుంది" అన్నదానికి ఒక్క జవాబు ఎందుకు ఉండదో ఈ రెండు అంకెలే చెబుతాయి.

అందుకే పైకి వచ్చేటప్పుడు విజయనగరంలో టీ తాగే వేళ ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఓ అరగంట ఆగడం తప్పదు. దిగేటప్పుడు ఆగకపోయినా విశాఖ చేరవచ్చు, చివర్లో 17 శాతం మిగులుతుంది. సున్నా దాకా లెక్క వేసుకోవద్దు. కింది పది శాతం లేదనే అనుకోండి. వాన, ఎదురుగాలి, రోడ్డు మూసి చుట్టుతిప్పడం, ఇవన్నీ ఆ పది శాతంలోంచే రావాలి. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 80 దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడే కూర్చోవడం కన్నా కదిలిపోవడం మేలు. మ్యాప్‌లో ఛార్జర్ కనిపించినంత మాత్రాన పనిచేస్తోందని కాదు. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి, ముఖ్యంగా ఘాట్‌కి ముందున్నదాని గురించి.

కోరాపుట్ 1936లో ఒడిశాలో జిల్లా అయ్యే ముందు విశాఖపట్నం జిల్లాలో భాగం. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు ఆంధ్ర విశ్వవిద్యాలయం కాలేజీకి పెట్టారు. వైద్యానికి, చదువుకి, పెళ్లి బట్టలకి మా వాళ్లు దిగేది ఇప్పటికీ ఈ రోడ్డు మీదే. ఎలక్ట్రిక్ కారు మనకి పనికిరాదని, పట్నాల్లో తిరిగేవాళ్లకే అని ఇక్కడ చాలామంది తీర్మానించేశారు. నేను ఒప్పుకోను. ఎక్కుడు ఖర్చు ముందే తెలిసిన ఖర్చు, దాంట్లో దాపరికం లేదు.

బ్యాటరీ కెమిస్ట్రీ గురించి ఒక్క మాట. మన దగ్గర అమ్ముడయ్యే కార్లలో చాలావాటిలో ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంటుంది. దాని వోల్టేజీ ముప్పావు వంతు ఉన్నప్పుడూ, సగం ఉన్నప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది. అందువల్ల ఎంత ఛార్జ్ మిగిలిందో కారుకి కచ్చితంగా అంతుపట్టదు. అప్పుడప్పుడు 100 దాకా నింపితే దానికి మళ్లీ లెక్క దొరుకుతుంది. నెలల తరబడి 30కీ 70కీ మధ్యనే తిప్పితే శాతం అంకె తప్పుదారి పట్టవచ్చు. పెద్ద ప్రయాణానికి ముందు రాత్రి నిండుగా పెట్టుకోవడం అందుకే మంచిది. మీ కారు మాన్యువల్‌లో ఏం రాశారో ముందు చూడండి, వేరే రకం బ్యాటరీలకి ఈ సలహా వర్తించదు.

ఇన్ని చేసినా ఒక్కోసారి తక్కువ పడుతుంది. అప్పుడు మొదట చేయాల్సింది వేగం 50కి తగ్గించడం, ఆ తర్వాతే ఏసీ ఆపడం. అదీ చాలకపోతే 15 ఆంపియర్ ప్లగ్ కావాలి, అంటే గ్రైండర్‌కో గీజర్‌కో పెట్టే పెద్ద సాకెట్. ఎర్తింగ్ సరిగా లేకపోతే పోర్టబుల్ ఛార్జర్ ఎర్రలైటు వేసి మొండికేస్తుంది. పాత ఇళ్లలో ఇది తరచుగా జరిగేదే. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దు, చేయి పెట్టి చూస్తే వేడెక్కుతున్నట్టు తెలుస్తుంది. మంచి సాకెట్ దొరికితే గంటకి రెండున్నర యూనిట్లు బ్యాటరీకి చేరతాయి. పొట్టంగిలో ఎవరింట్లోనో గంట కూర్చుంటే పైరోడ్డు మీద 20 కి.మీ. పైమాటే.

ఆ రాత్రి నేను అంత దూరం పోలేదు. రోడ్డు పక్కన కూర్చుని ఫోన్లో లెక్క వేశాను: ఉన్నవి 11 యూనిట్లు, కావలసినవి ఏడున్నర. "పదండత్తయ్యా" అని బండి కదిలించాను.